గెడ్డ దాటిన జీపు

మా తమ్మునికి ఒక పాత జీపు కలదు. వాయిదాలమీద కొనినది. కొండమీది గ్రామములనుండి మనుష్యులను, చింతపండును, జీడిపిక్కలను, కొండచీపుళ్ళను సంతలకు దించుట దాని పని. దాని రాబడితోనే వాయిదా కట్టవలెను. ఇల్లును దానితోనే గడువవలెను. మేము బడిపంతులము. నెల తిరుగగనే జీతము చేతికి వచ్చును గనుక, ఆ జీపు ఒక వారము కదలకున్నచో ఆ యింట ఏమి జరుగునో మాకు చాలకాలము తెలియలేదు. తెలిసిన విధమును, అందు మా తప్పు ఎంత గలదో దానిని, ఇచట దాచక వ్రాయుచున్నాము. కొండదారులలో బండి నడుపుకొను తండ్రులు, అన్నలు మన బడి పిల్లలలో చాలమందికి గలరు. నీట నిలిచిన బండిలో గేరుపెట్టెకు ఏమగునో వారికి పనికిరావచ్చును.

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటెను. ఆ గాలి శ్రీకాకుళము జిల్లాలోని కొబ్బరి, జీడి తోటలను నేలగూల్చినది. వెంట కురిసిన వాన మా గజపతి జిల్లా కొండలను కరగించినది. కొండచరియలు విరిగిపడి ఎందరో చనిపోయిరి. పర్లాకిమిడిలో మాకు కరెంటు లేదన్నదే పెద్ద కష్టముగా తోచుచుండగా, గుమ్మ వైపు కొండలలో మా విద్యార్థులిద్దరి ఇండ్లకు దారియే లేదని కబురు వచ్చెను. ఉపాధ్యాయులము, తలిదండ్రులము కలసి బియ్యము, దుప్పట్లు, జ్వరపు మందులు కూర్చితిమి. తీసికొనిపోవుటకు బండి కావలెను. తమ్ముడు జ్వరముతో పడియుండెను. తాళపుచెవి మా చేతిలో పెట్టి, "అన్నయ్యా, గెడ్డలో నీళ్ళు ఇరుసు దాటితే దిగకు. వెనక్కి వచ్చెయ్యి. బియ్యం రేపైనా పట్టికెళ్ళొచ్చు" అని చెప్పెను.

తోటి ఉపాధ్యాయు లిద్దరు మావెంట వచ్చిరి. కొండ యెక్కుదారి పొడవునను మొదటి రెండు గేర్లలోనే నడిపితిమి. ఒక గంట గడచునప్పటికి గేరు కఱ్ఱ ప్రక్కనున్న రేకు కాలికి వేడిగా తగులజొచ్చెను. అదియే మాకు తరువాత జ్ఞప్తికి వచ్చిన మొదటి సంగతి. ఆ సమయమున దానిని లెక్క చేయలేదు.

గ్రామమునకు ఈవల నొక గెడ్డ కలదు. దానిమీది చిన్న వంతెన కొట్టుకొనిపోయినది. నీరు ఇరుసు దాటియే యున్నది. ఆ సంగతి మా కంటికి కనబడుచునే యున్నది. ఆవలి ఒడ్డున పిల్లలు నిలుచుండి చేతులూపుచుండిరి. వారిని చూచి దిగితిమి. నడుమకు పోయినంతనే ముందుచక్రము రెండు బండల నడుమ ఇరుకుకొనెను. నీరు కాళ్ళక్రింది రేకును తాకి లోనికి చిమ్మెను. "ఇంజను ఆపకండి" అని ఒడ్డుననున్నవారు కేకలు వేసిరి, ఆపలేదు. గ్రామస్థులు నీళ్ళలోనికి వచ్చి బియ్యపు బస్తాలను భుజములపై మోసికొనిపోయిరి. పిదప తాళ్ళు కట్టి బండిని లాగిరి. అంతయు నగునప్పటికి అరగంటకు పైగా పట్టినది. గేరుపెట్టె అంతసేపును నీటిలోనే యున్నది.

బియ్యము చేరినది, మందులు చేరినవి. పిల్లల ఇండ్లు గోడలు కూలియున్నను మనుష్యులు క్షేమముగా నుండిరి. సాయంకాలము నీరు కొంత తగ్గగా, వేరొక చోట మరల దాటి తిరిగి వచ్చితిమి. దిగుడులో బ్రేకు మొదట పట్టలేదు. తడిసిన డ్రమ్ములు అట్లే చేయునని యెఱుగుదుము గాన మెల్లగా తొక్కుచు నడిపి వానిని ఆరబెట్టితిమి. క్లచ్చు కొంచెము జారినట్లు తోచెను, అదియు సర్దుకొనెను. ఇక బండికి ఏమియు కాలేదని మనస్సునకు చెప్పుకొంటిమి.

ఇంటికి వచ్చి బురద కడిగితిమి. తమ్ముడు మంచముమీదనుండి, "నీళ్ళెంత వరకు వచ్చేయి?" అని యడిగెను.

"చక్రం సగం వరకే" అంటిమి.

జ్వరములో నున్నవానికి దిగులెందుకని అట్లు చెప్పితిమని ఆ రాత్రి అనుకొంటిమి. నిజమునకు, చేయవద్దన్న పనిని చేసి వచ్చిన పెద్దవాడు చిన్నవాని యెదుట ఒప్పుకొనుట కష్టముగా నుండెను. బడిలో పిల్లవాడెవడైన అట్లు చెప్పియుండినచో బెంచీ యెక్కించి యుందుము.

బండి మూడు దినములు కదలక యుండెను. నాలుగవనాడు తమ్ముడు సంతకు బయలుదేరబోగా గేరు పడలేదు. ఇంజను ఆపియున్నప్పుడు అన్ని గేర్లును మెత్తగా పడుచున్నవి. ఇంజను నడుచుచుండగా మాత్రము ఏ గేరు వేసినను కఱకఱలాడుచున్నది. ఈ రెండింటి భేదమే అసలు సంగతిని చెప్పుచున్నది. ఆపియుండగా పడుచున్నచో గేరు కఱ్ఱయు, లోపలి పళ్ళచక్రములను జరపు కొక్కెములును బాగున్నవన్నమాట. పెడలు తొక్కినను ఇంజనునుండి గేరుపెట్టె విడివడుటలేదు. తడిసిన క్లచ్చుపలక, దాని నానుకొనియుండు ఇనుపచక్రము, మూడు దినములు ఒత్తుకొని యుండగా నడుమ తుప్పు పట్టి అంటుకొనినవి. ఇది మాకు తరువాత తెలిసినది. ఆనాడు దగ్గరనున్న యొక షెడ్డువాడు వచ్చి పెడలు బిగువు సవరించి, డబ్బు తీసికొని పోయెను. కొంతదూరము నడచునప్పటికి తుప్పు ఒరసికొనిపోయి, గేర్లు మరల పడజొచ్చినవి. సవరింపువలననే బాగైనదని తమ్ముడు సంతోషించెను. మేమును ఊరకుంటిమి. ఆ వేళ నోరు విప్పియుండినచో ఈ వ్యాసమునకు పని లేదు. ఒక డబ్బా నూనెతో పోయెడిది.

మరి పది దినములు జీపు సంతలు తిరిగెను. మొదట సన్నని రొద. తరువాత తిరుగలి విసరినట్టి మ్రోత. బండిలో ఎక్కినవారు సహితము "ఏటి బాబూ, ఆ సప్పుడు?" అని యడుగ నారంభించిరి. తమ్ముడు భయపడి బండిని పాతపట్నము దారిలోనున్న యొక మేస్త్రీ షెడ్డుకు తీసికొనిపోవుచు మమ్మును రమ్మనెను. పోయి చూతుము గదా, ఆ మేస్త్రీ మా పూర్వవిద్యార్థి. పదవ తరగతిలో మా భౌతికశాస్త్రము పరీక్ష రెండుమార్లు తప్పి బడి మానినవాడు. మమ్ము చూడగనే నూనెచేతులు తుడుచుకొని నమస్కరించి, స్టూలు వేసి కూర్చుండబెట్టెను.

అతడు వెంటనే ఏదియు విప్పలేదు. దానిని చూచి మాకు ఆశ్చర్యము కలిగెను. తమ్ముని బండిలో కూర్చుండబెట్టి, ఇంజను నడుచుచుండగా పెడలు పూర్తిగా తొక్కి కొంచెము ఆగి, వెనుకగేరు వేయుమనెను. శబ్దము లేక పడినది. "క్లచ్చు విడుతోంది. బాగానే ఉంది" అనెను. తరువాత గేరు ఏదియు లేకుండ, పెడలుమీదనుండి కాలు తీయుమనెను. మ్రోత వచ్చెను. మరల పెడలు తొక్కగా మ్రోత సన్నగిల్లి ఆగిపోయెను.

"చూసేరా మేస్టారూ? తొక్కినప్పుడు సప్పుడొస్తే క్లచ్చు బేరింగు. కాలు తీసినప్పుడు వచ్చి, తొక్కితే ఆగిపోతే పెట్టెలోపల" అని చెప్పెను. పెడలు తొక్కినపుడు గేరుపెట్టెలోని చక్రములకు ఇంజను బలము అందదు గాన అవి నిలిచిపోవును. వానితో మ్రోతయు నిలుచును.

పిదప బండిని రోడ్డుమీదికి తీసికొనిపోయిరి. మేము వెనుక కూర్చుంటిమి. ఒకటి, రెండు, మూడు గేర్లలో మ్రోత హెచ్చుగా నుండెను. నాలుగవ గేరులో చాలవరకు తగ్గెను. ఆ బండికి నాలుగవ గేరులో బలము తిన్నగా పైషాఫ్టు గుండ పోవును. తక్కిన గేర్లలో అడుగుననుండు షాఫ్టుమీదుగా పోవును. కాబట్టి అడుగు షాఫ్టు బేరింగే అఱచుచున్నదని మేస్త్రీ తీర్మానించెను. ఒక్క మఱ విప్పకయే ఇంతవరకు వచ్చెను.

ఆ రాత్రి బండిని సమతలముగా నిలిపి కదలింపకుండ ఉంచి, మరునాడు ఉదయము పనికి దిగెను. పెట్టె క్రిందిభాగమున నూనె దించు ప్లగ్గు ఒకటి, ప్రక్కన నూనె పోయు ప్లగ్గు ఒకటి ఉండును. అతడు మొదట ప్రక్కదానిని పానాతో కదల్చెను. అడుగుదాని నేల ముందుగా విప్పవని తమ్ముడడిగెను. "ఉన్న నూనె దించేసేక పైది తుప్పట్టి రాకపోతే? కొత్త నూనె ఎలా పోస్తారు? బండి ఇక్కడే ఉండిపోతాది" అని నవ్వెను. స్వయముగా నూనె మార్చుకొను వారందఱు దీనిని గుర్తుంచుకొనవలెనని మా మనవి.

నూనె సరిగా నున్న పెట్టెలో ప్రక్కప్లగ్గు తీసినచో నూనె ఆ రంధ్రపు అంచువరకు వచ్చి ఆగవలెను. ఇచట ప్లగ్గు ఊడగనే బుడబుడమని పొరలి క్రింద కారెను. ఎవరును పోయని నూనె ఎట్లు పెరుగును? మేస్త్రీ వ్రేలితో తాకి చూపెను. రంగు తేనెవలె ఉండవలసినది, పాలు హెచ్చుగా పోసిన కాఫీవలె ఉండెను. తరువాత అడుగు ప్లగ్గును మెల్లగా వదలు చేయగా, మొదట అరగ్లాసు మురికినీరు ధారగా వచ్చి, దాని వెనుక ఆ కాఫీరంగు నూనె దిగెను. రాత్రి కదలక యుండుటచేత నూనెకంటె బరువైన నీరు కొంత అడుగునకు చేరినది. తక్కినది పళ్ళచక్రముల చిలుకుటచేత నూనెలో కలిసిపోయినది. మజ్జిగలోని నీటివలె అది ఇక విడదు. ఒక రేకును స్టౌమీద కాచి, రెండు చుక్కల నూనె వేసెను. తాలింపులో ఆవాలవలె చిటపటలాడెను. నీరు లేని నూనె పొగయే గాని, చిటపటలాడదు.

అప్పుడు మేస్త్రీ మావైపు గాక తమ్మునివైపు తిరిగి, "గెడ్డ దాటేరా? ఎంత లోతు?" అని యడిగెను.

"అన్నయ్య దాటేడు. చక్రం సగం వరకే" అని తమ్ముడు చెప్పెను.

మా మాటను మా యెదుటనే, మామీది నమ్మకముతో, తమ్ముడు తిరిగి పలికెను. మేస్త్రీ అర్థము కానట్లు ప్లగ్గును తిప్పుచు, "సగానికి ఇంత రాదే" అని గొణుగుకొనెను. మేము స్టూలుమీదనుండి లేచితిమి. నీరు కాళ్ళక్రింది రేకువరకు వచ్చినదనియు, అరగంట బండి అందులోనే నిలిచినదనియు, దాచితిమనియు చెప్పితిమి. గొంతు తరగతిగదిలో పలికినట్లు పలుకలేదు. తమ్ముడు ఏమియు అనలేదు. నూనె నిండిన తొట్టిని ప్రక్కకు జరిపి, మరియొకటి తెచ్చి దానిక్రింద పెట్టెను.

ఆ నిశ్శబ్దమును భరింపలేక మేము మేస్త్రీని ప్రశ్నించితిమి: అన్నివైపుల మూసియున్న పెట్టెలోనికి నీరెట్లు పోయినది? అతడు బండిక్రిందికి మమ్ము వంగజేసి, పెట్టె పైభాగమున వ్రేలెడు గొట్టమును చూపెను. "ఇది దీని ఊపిరి. బండి నడిస్తే లోపల వేడెక్కుతాది, గాలి పెరుగుతాది, ఇందులోంచి పోతాది. వేడిపెట్టెను చన్నీళ్ళలో దింపేరు. గాలి ముడుచుకుంటాది. లోపల కాళీ అయితే బయటున్నది లోపలికి పీల్చుకోదా మేస్టారూ? బయట ఉన్నవి నీళ్ళాయె."

మా చెవులు గింగురుమనెను. స్థిరపీడనమున వాయువుయొక్క ఘనపరిమాణము దాని పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతమున నుండునని చార్లెస్ నియమమును ఇన్నేండ్లుగా నల్లబల్లమీద వ్రాసినవారము మేము. ఆ నియమమును వ్రాయలేక తప్పినవా డతడు. పెట్టెలోని గాలి 87 డిగ్రీల సెల్సియస్ వేడిలో నున్నదనుకొందము. అనగా పరమమానమున 360. అది 27 డిగ్రీలకు, అనగా 300కు చల్లారినచో పరిమాణము ఆరింట నొకవంతు తగ్గును. లీటరు గాలికి 160 మిల్లీలీటర్లకు పైగా చోటు ఖాళీ యగును. ఆ చోటు నిండువరకు గొట్టము పీల్చును. గొట్టము చాలనిచో షాఫ్టులు బయటికి వచ్చుచోటనున్న రబ్బరు సీళ్ళగుండను లాగును. నిలిచిన సేపు హెచ్చినకొలది చల్లారుట హెచ్చును. వేడివేడి అన్నము పెట్టి మూసిన క్యారియరు మూత చల్లారినపిదప ఊడిరాకపోవుట మన ఇండ్లలో చూచుచున్నదే.

పుస్తకమున "సంకోచించును" అని యుండును. షెడ్డులో "ముడుచుకుంటాది" అందురు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలోనే బడిపంతులుగా నుండి, ఈ కొండల సవరభాషను నేర్చి, జనుల నోటిమాటకు పుస్తకములో చోటు కావలెనని పోరాడిరి. 1936లో ఈ పట్టణము ఒరిస్సాలో చేర్చబడగా రాజమహేంద్రవరమునకు వెడలిపోయిరి. మేమింకను ఈ గ్రాంథికములోనే వ్రాయుచున్నాము. పంతులుగారు చూచినచో ఏమందురో! ఆనాటినుండి తరగతిలో మాత్రము ఆ నియమమును మేస్త్రీ మాటలతోనే మొదలుపెట్టుచున్నాము.

ఇక మరమ్మతు. ప్లగ్గు చివర అయస్కాంతము గలదు. దానిమీద బూడిదరంగు పేస్టువంటిది పలుచగా నున్నచో అది మామూలు అరుగుదల, దిగులుపడనక్కరలేదు. దీనిమీద గోటికి తగులు రేకులే యుండినవి. పెట్టె దింపి విప్పగా, అడుగు షాఫ్టు బేరింగు గుండ్లు తిరుగు దారి తుప్పుతో గుంటలు పడియుండెను. అడుగున నిలిచిన నీరు మొదట తినుట దానినే గదా. పళ్ళచక్రములు బాగుండెను. గేర్లు సాఫీగా కలియునట్లు చేయు ఇత్తడి కంకణములు తుప్పు పట్టునవి కావు గాన చెడలేదు. బేరింగులు, సీళ్ళు క్రొత్తవి వేసి, క్లచ్చుపలకకెదురుగానున్న చక్రమును గరుకుకాగితముతో రుద్ది, క్లచ్చు బేరింగునకు గ్రీజు పట్టించెను. ముందు వెనుకల ఇరుసుపెట్టెలకును ఊపిరిగొట్టములు గలవు. వానినిగూడ విప్పి చూడగా వెనుకదానిలో కొంత నీరుండెను. గేరుపెట్టెను చూచి సంతోషపడి వీనిని మరచువారు చాలమంది యని మేస్త్రీ చెప్పెను.

నూనె విషయమున అతని పట్టుదలను మెచ్చుకొనవలెను. మొదట చవుకరకము నూనె పోసి, చక్రములు పైకెత్తి, కొద్దిసేపు మెల్లగా త్రిప్పి దించెను. అది పాలరంగుగా దిగెను. మరల పోసెను, కొంచెము మసకగా దిగెను. మూడవమారు తేటగా వచ్చెను. అప్పుడు గాని అసలు నూనె పోయలేదు. చిక్కగా నున్న గేరునూనె లన్నియు ఒకటి కావట. ఇరుసుపెట్టెలకు వాడు ఘాటైన రకములలోని కొన్ని మందులు ఇత్తడిని తినివేయును. అందుచేత బండితో వచ్చిన పుస్తకములో ఏది వ్రాసియున్నదో, ఆ బండి గేరుపెట్టెకు జి.ఎల్. 4 అని యుండగా, అదియే తెప్పించెను. తుదకు ఊపిరిగొట్టమునకు పొడవైన రబ్బరుగొట్టము తగిలించి, ఇంజను మూతక్రింద అన్నిటికంటె ఎత్తున కట్టివేసెను. ఖర్చులో ఇదియే అన్నిటికంటె తక్కువ.

మొత్తము వ్యయము రెండు వాయిదాలకు మించినది. బండి కదలని దినముల రాబడి వేరు. డబ్బు మేమిచ్చితిమి. తమ్ముడు వలదనలేదు. అతని భార్య మాత్రము మా యింటికి వచ్చి, "బావగారూ, నీళ్ళలో దిగినందుకు ఆయనకి కోపం లేదు. ఆ పిల్లల్ని చూస్తే ఆయనైనా దిగేవారే. చెప్పలేదనే" అని, కూర్చుండకయే వెడలిపోయెను. తమ్ముడు మాతో మాటలాడుచునే యుండెను. అయినను తాళపుచెవి కొంతకాలము మా చేతికి రాలేదు, మేమును అడుగలేదు.

2019 వానకాలమున ఒకనాడు బడి పుస్తకములు కొండగ్రామమునకు చేర్చవలసివచ్చెను. తమ్మునికి వేరొక పని యుండుటచే, తాళపుచెవిని మా బల్లమీద పెట్టి, ఏమియు చెప్పకుండ పోయెను. అదే గెడ్డ. ఈమారు ఒడ్డున బండి నాపి, మూత యెత్తి, గంటకుపైగా పెట్టెను చల్లారనిచ్చితిమి. కఱ్ఱతో లోతు చూచితిమి. నీరు ఇరుసును కొంచెము దాటెను; నిలువకుండ మెల్లగా దాటితిమి. తిరిగి వచ్చునప్పటికి చీకటిపడెను. తమ్ముడు వాకిట నిలుచుండెను. అతడడుగకమునుపే, చక్రముమీద తడి యెంతవరకు వచ్చినదో అచట చేయి పెట్టి చూపితిమి. అతడు లోనికి పోయి పానాను, టార్చిలైటును తెచ్చెను. ఇద్దరము బండిక్రింద పండుకొని ప్రక్కప్లగ్గును విప్పితిమి. నూనె తేనెరంగుతో రంధ్రపు అంచువరకు వచ్చి ఆగెను.